గోడ మీద గోదారి

మా లంకలో ఇంటికి మొన్న సంక్రాంతి ముందు రంగులు వేయించారు. నా కోపం దాని గురించే. ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో రేవు గురించీ, పొగాకు గురించీ, ఇసుక గురించీ చాలా మాట్లాడతాను. ఎటు తిరిగినా ఆ గోడ దగ్గరికే వస్తాను.

మాది కోనసీమలో పి.గన్నవరం దిగువన, వైనతేయ పాయలో ఉన్న ఒక లంక. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఆ పాయల కడుపులో మా లంకలు. మాకు లంకంటే చుట్టూ నీళ్ళున్న మట్టి. ఆ మట్టి కూడా గోదారి పెట్టిందే. ఏటా వరదకి కాస్త కాస్త ఒండ్రు పోస్తే దిబ్బయింది, దిబ్బ మీద రెల్లు మొలిచింది, ఆ రెల్లు కొట్టి మా ముత్తాత పాక వేశాడు. పాక చోట మా తాత మండువా పెంకుటిల్లు కట్టించాడు. 1949లో నేను ఆ ఇంట్లోనే పుట్టాను. ఏటిగట్టు మీది ఊళ్ళో బడిపంతులుగా చేసి, ఉద్యోగం అయ్యాక కొడుకు దగ్గరికి హైదరాబాదు చేరాను. తమ్ముడు ఉన్నంతకాలం ఇంట్లో దీపం వెలిగింది. వాడు పోయి ఏడేళ్ళయింది. అప్పటి నుంచీ తాళమే. తాళంచెవి అమలాపురంలో ఉంటున్న తమ్ముడి కొడుకు దగ్గర ఉండేది.

మా రోజుల్లో రాజమండ్రిలో రైలు దిగితే ఇల్లు చేరడానికి ఒక పూట పైనే పట్టేది. ఒక బస్సు, మళ్ళీ ఇంకో బస్సు, గన్నవరం అక్విడెక్టు, ఆ తర్వాత ఏటిగట్టు మీద నడక, ఆఖర్న రేవు. కాటన్ దొర కాలంలో 49 కమానులతో కట్టిన పాత అక్విడెక్టు అది. కింద ఏరు, పైన కాలవ. పక్కన కొత్తది వచ్చాక 2000లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. 1909లో ఆవిడ పోయేదాకా ఏరు దాటి వచ్చిన వాడు లంకల గన్నవరంలో ఆకలితో పడుకోలేదని మా మామ్మ చెప్పేది.

రేవులో పడవ అవతలి ఒడ్డున ఉంటే "ఓ... పడవో" అని కేకేసేవాళ్ళం. గాలి ఎదురైతే కేక వెళ్ళదు, తువ్వాలు ఊపేవాళ్ళం. పడవాయనకి పూటపూటకీ డబ్బులిచ్చే పని లేదు. ఏడాదికింతని ఇంటింటి నుంచీ ధాన్యం, కొబ్బరికాయలు వెళ్ళేవి. ఎక్కినవాడు ముందు చెయ్యి నీళ్ళలో ముంచి కళ్ళకద్దుకునేవాడు. ఆ తర్వాత నీళ్ళ రంగు చూసేవాడు. పడవాయన గెడ వేస్తూనే చెప్పేవాడు, "నిన్నటికీ ఇవాల్టికీ జానెడు లేచిందండి" అనో, "ఎర్రనీరు ఇంకా రాలేదండి, రేపో ఎల్లుండో" అనో. ఇక ఒడ్డు చేరేదాకా పడవలో అందరిదీ అదే మాట. ఎక్కడ మేట వేసింది, ఎవరి చేను కోత పడింది, కిందటేడు ఈ పాటికి ఎన్ని మెట్లు వచ్చింది. ఏడేళ్ళ పిల్లాడు కూడా ఆ మాటల్లో పడి ఏరు చదవడం నేర్చుకునేవాడు. నేను అక్షరాలకంటే ముందు నేర్చుకున్న చదువు అదే.

మొన్న రాత్రి హైదరాబాదులో బస్సెక్కితే తెల్లారేసరికి రావులపాలెంలో దింపాడు. ఎనిమిదింటికల్లా రేవులో ఉన్నాం. ఇంజను పడవ. మనిషికింత, మోటారు సైకిలుకింత. పండగ రోజులు గనక పడవ నిండా పట్నం నుంచి వచ్చిన మా లంక పిల్లలే. ఒక్కడూ నీళ్ళలో చెయ్యి పెట్టలేదు. ఏటికి వీపు పెట్టి నిలబడి, ఫోను ఎత్తి పట్టుకుని ఫొటోలు తీసుకున్నారు. అంతమందిలో గోదారికేసి మొహం పెట్టి కూర్చున్నది నేనూ, పడవ నడిపే ఆయనా. పక్కనున్న కుర్రాణ్ణి "నీరు ఎలా ఉందిరా ఈ ఏడు?" అని అడిగాను. వాళ్ళ తాత నాకు బాగా తెలుసు, రేవులో నిలబడి వరద వాసన పట్టేవాడు. వీడు "చాలా బాగుందండి, క్లియర్‌గా ఉంది" అన్నాడు. నేను అడిగింది అర్థం కాలేదు వాడికి. నాకు కడుపులో దేవినట్టయింది.

రేవు ముచ్చట చెప్పాను గనక దాని రెండో మొహం కూడా చెప్పాలి. మా రోజులన్నీ బంగారమని నేను అనను. 1961లో మా చిన్నమ్మకి అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. మంచం మీద మోసుకుని రేవుకి తెచ్చారు. ఈదురుగాలి. పడవ అవతలుంది. కేకలేశారు, లాంతరు ఊపారు. పడవ తెల్లవారాక వచ్చింది. చిన్నమ్మ, బిడ్డ ఇద్దరూ అప్పటికి లేరు. అందుకని ఆ రేవు మీద నాకు ప్రేమ ఎంతో పగ కూడా అంతే ఉంది. వంతెన ఎందుకు, పడవ ప్రయాణమే అందం అని పట్నంవాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. 2018 జులైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికే తగిలి బోల్తా పడింది. ఆ పిల్లలు ఫొటోల కోసం పడవెక్కలేదు. చంద్రుడి మీదికి యంత్రాలు పంపిన దేశంలో ఆషాఢం వచ్చేసరికి లంక పిల్లలు పుస్తకాల సంచి తడవకుండా నెత్తిన పెట్టుకుని పడవెక్కుతున్నారంటే, అరవై ఐదేళ్ళ కింద మా చిన్నమ్మ చచ్చిపోయిన రేవు అక్కడే ఉందన్నమాట. మా రోజుల్లో వంతెన లేదు సరే, ఈ రోజుల్లో కూడా లేకపోవడానికి సాకు ఏముంది?

ఇంటి సంగతికొస్తాను.

ఆ ఇల్లు వరద వస్తుందని తెలిసి కట్టిన ఇల్లు. నేలకి నిలువెత్తు మెరక, దాని మీద అరుగు, అరుగుకి ఆరు మెట్లు. వీధి తలుపూ పెరటి తలుపూ సూటిగా ఎదురెదురు. నీళ్ళు అరుగు ఎక్కితే రెండూ బార్లా తీసిపెట్టేవాళ్ళం. మూసి ఆపుదామనుకుంటే గోడ పడుతుంది, తెరిస్తే ఏరు ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోతుంది. సావిడి పైన పదిహేను మంది పడుకునేంత అటక. అటక మీద ఒక మూల మట్టి పొయ్యి, ఏడాది పొడవునా ఎండుకట్టెలు, ఒక జాడీ చింతపండు పచ్చడి, ఒక బస్తా బియ్యం. పెంకుల వైపు మనిషి దూరేంత కిటికీ. దూలాలకి ఇనుప కొక్కేలు, మంచాలూ పెట్టెలూ ఎత్తి కట్టడానికి. పెరట్లో పనసచెట్టుకి పడవ కట్టే తాడు. ఇవేవీ మాకు వింతగా తోచేవి కావు. లంకలో ఇల్లంటే అంతే. ఇప్పుడు లంకలో కొత్తగా కడుతున్న ఇళ్ళు చూశాను. నేలమట్టాన కడుతున్నారు, మోటారు సైకిలు గుమ్మంలోకి ఎక్కాలని. చుట్టూ ప్రహరీ. అటక లేదు, పెరటి తలుపు లేదు. కట్టేవాళ్ళు డబ్బున్నవాళ్ళే. తాతలు ఎందుకు మెరక వేశారో ఒక్కసారి అడిగి ఉంటే చాలు.

సావిట్లో తూర్పు గోడ మీద గీతలుండేవి. ఏ ఏడు ఎంత నీరు ఇంట్లోకి వచ్చిందో ఆ ఎత్తున అడ్డగీత, పక్కన సంవత్సరం. అన్నిటికన్నా పాతది, నేలకి మూరెడు ఎత్తున, జేగురుతో మా తాత గీసింది. దాని పక్కన ఏడు చెరిగిపోయింది. తర్వాతది 1953. అప్పుడు నాకు నాలుగేళ్ళు. నాన్న భుజం మీద కూర్చుని, కింద నీళ్ళలో మా ఇత్తడి బిందె తేలుతూ పోవడం ఒక్కటే జ్ఞాపకం. ఆ గీత కూడా తాతదే. 2006ది తమ్ముడు పెన్సిలుతో గీశాడు. అన్నిటికీ పైన, నేలకి నాలుగడుగుల రెండంగుళాల ఎత్తున ఉన్నది 1986. దాన్ని మా నాన్న ఉలితో చెక్కాడు.

ఆ వరద సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను.

ఆ ఏడు ఆగస్టు 15 శుక్రవారం పడింది. వానలోనే బళ్ళో జెండా ఎగరేసి ఇంటికొచ్చాను. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఏరు అప్పటికే గట్టు తాకి ఎర్రగా పారుతోంది. నాన్న పొద్దున్న రేవులో గుచ్చిన వెదురుపుల్ల మధ్యాహ్నానికి మునిగింది. ఇంకోటి గుచ్చాడు. సాయంత్రానికి అదీ లేదు. నాన్న పుల్లల్ని ఒకటే నమ్మేవాడు కాదు, ఏటి నడుమ చూసేవాడు. వరద లేచేటప్పుడు ఏరు నడుమ ఉబ్బుతుంది. కొట్టుకొచ్చే దుంగలూ చెత్తా ఒడ్డువారకి జరుగుతాయి. తీసేటప్పుడు నడుమ పల్లం పడి చెత్తంతా మధ్యకి చేరుతుంది. ఆ సాయంత్రం చెట్లకి చెట్లు మా గట్టు వారనే పోతున్నాయి. పైగా పౌర్ణమికి నాలుగు రోజులే ఉంది. సముద్రం పోటు మీద ఉంటే ఏటి నీళ్ళని తీసుకోదు. నాన్న లోపలికొచ్చి అమ్మతో "ఇది అరుగు ఎక్కకుండా పోదు. పొయ్యి పైకి మార్చు" అన్నాడు, అంతే. ఎవరూ కంగారు పడలేదు. పశువుల్ని చీకటి పడకముందే పడవ మీద గట్టుకి దాటించాం. మంచాలు కొక్కేలకి ఎక్కాయి. గాదెలో ధాన్యం బస్తాలకెత్తి అటక చేర్చాం. వ్రతానికి కట్టిన మామిడాకులు గుమ్మానికి అలాగే ఉన్నాయి.

రాత్రంతా నాన్న లాంతరు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి లెక్క చెబుతూనే ఉన్నాడు. రెండో మెట్టు. మూడు. ఐదో మెట్టు మునిగాక రెండు తలుపులూ తీసి పైకి వచ్చేశాడు. కాసేపటికి నీళ్ళు గుమ్మంలోంచి చప్పుడు లేకుండా వచ్చాయి. సావిట్లో ఒకసారి సుడి తిరిగి పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాయి. మధ్యలో పాకలు పోయిన రెండు కుటుంబాలు అరటిబోదెల తెప్ప మీద వచ్చాయి. అటక మీద పదిహేడు మందిమయ్యాం. మా మామ్మ మామూలు రోజుల్లో వచ్చినవాళ్ళని గుమ్మం బయటే నిలబెట్టి కులం అడిగే మనిషి. అది తప్పని అప్పుడూ నాకు తెలుసు, ఇప్పుడూ చెబుతున్నాను. ఆ రాత్రి మాత్రం ఆవిడే చెయ్యి అందించి పైకి లాగింది, ఆవిడ చేత్తోనే గంజి పోసింది. దూలం చివర ఒక నాగుపాము చుట్టుకుని ఉంది. పిల్లలు చూస్తూ పడుకున్నారు. ఎవరూ దాని జోలికి పోలేదు, అదీ మా జోలికి రాలేదు.

రెండు రాత్రులు అలాగే. భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చిందనీ, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందనీ తర్వాత తెలిసింది. నీరు తీసి, సావిట్లో ఇంకా మోకాల్లోతు బురద ఉండగానే నాన్న ఉలీ సుత్తీ తెచ్చి, గోడ మీద తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ చెక్కడం మొదలుపెట్టాడు. అమ్మ ముందు రెండు ముద్దలు తినమంది. "తడి ఆరిపోతే అబద్ధం చెబుతాం" అన్నాడు. ఆ అంకెలు చెక్కాకే చెయ్యి కడుక్కున్నాడు.

ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది, మొన్న నేను తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి ఆ గోడ కేసి చూసినప్పుడు నాకు ఎలా ఉందో. గోడ నున్నగా, తెల్లగా, పట్నంలో ఆసుపత్రి గోడలా ఉంది. తమ్ముడి కొడుకు చెడ్డవాడు కాదు. ఖర్చు పెట్టి పెంకులు నేయించాడు, చెద పట్టిన దూలాలు మార్పించాడు. కోనసీమ చూడటానికి పండగలకి పట్నం నుంచి చాలామంది వస్తున్నారు గదా, వాళ్ళకి గదులు అద్దెకిద్దామని వాడి ఆలోచన. అందుకు గోడలకి పుట్టీ పెట్టించాడు. "పెదనాన్నా, గోడంతా మరకలూ గీతలూనూ. వచ్చినవాళ్ళు వరదొస్తుందా అని భయపడతారు" అన్నాడు. భయపడాలిరా! వరద వచ్చే ఇంట్లో పడుకునేవాడికి వరద వస్తుందని తెలియాలి. అది దాచి అద్దె పుచ్చుకుంటావా? ఆ మాట గట్టిగానే అన్నాను. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఫోను తీసి చూపించాడు, "ఇప్పుడు అన్నీ దీంట్లో వస్తాయి పెదనాన్నా. ధవళేశ్వరంలో 10 లక్షలు దాటితే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. గంట గంటకీ మెసేజి."

నిజమే. అది చిన్న సంగతి కాదు. మా రోజుల్లో ఆకాశవాణి విజయవాడ వార్తలు తప్ప దిక్కు లేదు. పడవల మీద వచ్చి చెప్పినవాళ్ళని నమ్మాల్సి వచ్చేది. "సరే, 13 లక్షలంటే మన ఇంటికి ఎన్నో మెట్టు?" అని అడిగాను. వాడికి తెలియదు. పక్కనున్న నలుగురికీ తెలియదు. మా నాన్న భద్రాచలం అడుగులు రేడియోలో వినగానే ఒక రోజు గడువు చూసుకుని, మా మెట్ల లెక్కలోకి మార్చి చెప్పేవాడు. ఏ చేను ముందు మునుగుతుంది, పాడి ఎప్పుడు తోలాలి, ఎవరి పాక ముందు ఖాళీ చేయించాలి, అంతా ఆ లెక్కలో ఉండేది. ఫోనులో వచ్చే అంకె ధవళేశ్వరానిది. దాన్ని మన గుమ్మానికి తెచ్చే లెక్క గోడ మీద ఉండేది. మీద పుట్టీ పూశారు.

భోజనం చేసి ఒంటరిగా చేలోకి వెళ్ళాను. చేను అనడానికి ఎంత మిగిలిందని. మాకు పదకొండు ఎకరాలు ఉండేది. పాసుపుస్తకంలో ఇప్పటికీ అంతే. కాలి కింద ఉన్నది నాలుగున్నర. మిగతాది ఏరు కోసుకుపోయింది. పడమటి ఒడ్డున నిలువునా తెగిన మట్టి గోడ, కింద నీళ్ళు. ఆ అంచున ఉన్న కొబ్బరిచెట్లకి ముందు వేళ్ళు బయటపడతాయి, ఏడాదికి చెట్టు ఏటి మీదికి వంగుతుంది, ఆ వచ్చే వరదకి పోతుంది. కాపు మీదున్న చెట్టు కాయలతో సహా వెళ్ళిపోతుంది. మా అమ్మ 1970లో నాటిన మొక్కల్లో మూడు ఇప్పుడు అలా వేళ్ళు వేలాడేసుకుని ఉన్నాయి. 1996 నవంబరు తుఫానుకి తల తెగకుండా నిలబడ్డ చెట్లు అవి.

మా రోజుల్లో కోత లేదా అంటే ఉంది. ఒక చోట కోసేది, ఇంకో చోట పెట్టేది. వరద తీశాక పొద్దున్నే మేం చేసే మొదటి పని చేలో కాలు పెట్టి చూడటం. మెత్తగా, చల్లగా దిగితే ఒండ్రు. గరగరలాడితే ఇసుక మేట. ఇసుక పడ్డవాడు ఆ ఏడు తలపట్టుకునేవాడు. ఒండ్రు పడ్డవాడు ఎరువు బస్తా ముట్టుకోకుండా పంట తీసేవాడు. 1986 తర్వాత మా తూర్పు చేలో జానెడు ఒండ్రు పడింది. అంత పెద్ద వరద మింగిన గొడ్లూ పాకలూ తిరిగి రావు గానీ, ఆ రబీలో మిరపా వంగా పొగాకూ కాసిన కాపు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మా లంక పొగాకు సంగతి ఈ పిల్లలకి తెలియదు. వరదలు తగ్గాక నాటు వేసి, ఇసుకలో దొరువులు తవ్వి, కడవలతో మొక్క మొక్కకీ నీళ్ళు పోసేవాళ్ళం. ఆకు పందిళ్ళ కింద ఆరేసేవాళ్ళం. ఆ ఘాటుకి రాత్రుళ్ళు నిద్రలో కూడా తుమ్ములొచ్చేవి. ఆ చుట్ట పేరు సముద్రాలు దాటింది. ఆర్థర్ కోనన్ డోయల్ 1890లో రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో, బూడిద చూసి చుట్ట రకం చెప్పే షెర్లాక్ హోమ్స్ మన లంక చుట్ట పేరెత్తుతాడు. బళ్ళో పిల్లలకి ఇది చెబితే వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. పొగాకు మంచిదని చెప్పడం లేదు, మా నాన్న ఊపిరితిత్తులు దానికే పోయాయి. ఇంత చిన్న మట్టిదిబ్బ పేరు లండన్‌లో ఒక రచయిత చెవిన పడిందంటే ఆ మట్టిలో ఏముందో ఆలోచించమంటున్నాను.

ఆ మట్టి ఇప్పుడు రావడం లేదు. పైన జాయక్వాడి నుంచి శ్రీరాంసాగర్ దాకా జలాశయాల్లో నీటితో పాటు ఒండ్రు కూడా ఆగిపోతుంది. గోదారి డెల్టాకి తెచ్చే మట్టి 1970లకీ 1990లకీ మధ్యే దాదాపు మూడో వంతుకి పడిపోయిందని పరిశోధకులు లెక్క తేల్చారు. ఆనకట్టలు వద్దని నేను అనను. కాటన్ ఆనకట్ట లేకపోతే ఈ కోనసీమే లేదు. కానీ తేవాల్సిన మట్టి తేని ఏరు ఉన్న మట్టినే కోసుకుపోతోంది. అది చాలదని కింద ఇసుక తవ్వుతున్నారు. రాత్రి పది దాటాక అవతలి ఒడ్డున లారీల దీపాలు వరసగా కనిపించాయి. ఎవరి అనుమతితో తవ్వుతారో, ఎవరి కళ్ళుగప్పి తవ్వుతారో, నేను పేర్లు పెట్టబోవడం లేదు. ఒడ్డు మొదట్లో ఇసుక తీస్తే పైన చెట్టు నిలవదని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. హైదరాబాదులో మా అపార్టుమెంటు గోడల్లో ఎవరి లంక ఇసుక ఉందో అనుకుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక పాత కత్తి తీసుకుని గోడ దగ్గర కూర్చున్నాను. నాలుగడుగుల రెండంగుళాలు టేపుతో కొలిచి, అక్కడ పుట్టీ గీకడం మొదలుపెట్టాను. తమ్ముడి కొడుకు చూసి ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి రంగులు వేసిన కుర్రాడు, మా లంక వాడే, వచ్చి పక్కన కూర్చున్నాడు. పుట్టీ పెట్టేటప్పుడు లోపల గాడి తగిలిందనీ, అది ఏమిటో తెలియక రెండు పూతలు ఎక్కువ పూశాననీ చెప్పాడు. వాడే ఇసుక కాగితం తెచ్చి రుద్దాడు. గంటకి నాన్న చెక్కిన 1986 బయటపడింది. కింద 1953 జేగురు రంగు కొంచెం దక్కింది. తమ్ముడి పెన్సిలు గీత పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. వాడి చేతి అంకెలు అవి.

అప్పుడు గుర్తొచ్చింది, 2022 గీత అసలు గియ్యనే లేదు. ఆ జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. ధవళేశ్వరం నుంచి దాదాపు 26 లక్షల క్యూసెక్కులు దిగింది. ఇంటికి తాళం. నేను హైదరాబాదులో టీవీ ముందు కూర్చుని మా లంక పేరు వినబడుతుందేమోనని చూశాను. ఎన్ని మెట్లు వచ్చిందో, లోపల ఎంత వచ్చిందో చెప్పే మనిషి మా ఇంట్లో లేడు.

పక్కింటి వదినగారు వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. పెళ్ళయి ఈ లంకకి వచ్చాక ఒక్క వరదకి కూడా లంక వదిలి దూరం వెళ్ళలేదు. నీరు మరీ లేస్తే ఏటిగట్టు మీద బరకం కింద ఉండి, తీయగానే తిరిగొచ్చేస్తుంది. "అది తెలుసుకోవడానికేం, రండి" అని వీధి తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపుకి రంగు వేశారు గానీ కింది బందు వెనక ఎవరూ తుడవలేదు. అక్కడ ఎండిపోయిన ఎర్ర ఒండ్రు గట్టిగా పట్టుకుని ఉంది. "ఇక్కడిదాకా. నేను పడవలోంచి చూశాను. ఆ పైన తడవలేదు" అంది. వేలితో చూపించింది. ఆ ఎత్తు దారంతో పట్టుకుని సావిట్లోకి తెచ్చాం. రంగుల కుర్రాడు నీటిమట్టం పెట్టి సరిచూశాడు. నాన్న ఉలి అటక మీద దొరికింది, తుప్పు పట్టింది. నాకు చేతులు వణుకుతాయి, అందుకని గీత కుర్రాడు చెక్కాడు. అంకెలు నేను చెక్కాను. చివరి 2 వంకరగా వచ్చింది.

తిరిగి బయల్దేరే రోజున తమ్ముడి కొడుకు తాళం వేసి చెవి జేబులో వేసుకోబోతుంటే వదినగారు చెయ్యి చాపింది.

"అది నాకిచ్చి వెళ్ళు బాబూ. నువ్వు అమలాపురంలో ఉంటావు, పెదనాన్న హైదరాబాదులో ఉంటారు. నీళ్ళొస్తే తలుపులు తియ్యాలి కదా? నీరు తీశాక గీత పెట్టాలి కదా?"

వాడు నాకేసి చూశాడు. నేను తలూపాను. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు. ఉలి కూడా ఇమ్మంది.